ఈ-సాగు

ఈ-సాగు అనేది వ్యవసాయ నిపుణులు పొలానికి వెళ్ళకుండానే, పైరు ఛాయాచిత్రాలనూ ఇతర వివరాలనూ పరిశీలించి, ఒక్కొక్క పొలానికి విడివిడిగా సలహా అందించేందుకు రూపొందించిన దూరస్థ వ్యవసాయ సలహా వ్యవస్థ. హైదరాబాదు గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ (ట్రిపుల్ ఐటీ) దీనిని మీడియా ల్యాబ్ ఏషియా సహకారంతో 2004లో ప్రారంభించింది. ట్రిపుల్ ఐటీ ఆచార్యుడు పి.కృష్ణారెడ్డి ఈ పరిశోధనకు నాయకత్వం వహించాడు. తొలి ప్రయోగం వరంగల్లు జిల్లా ఊరుగొండ, ఆ చుట్టుపక్కల గ్రామాలలోని పత్తి పొలాలలో జరిగింది. రైతు ప్రశ్న అడగనవసరం లేకుండానే సలహా అతని చేతికి చేరడం ఈ వ్యవస్థ ప్రధాన లక్షణం. వినియోగదారు అవసరం నుండి మొదలుపెట్టి సమాచార వ్యవస్థను నిర్మించడానికీ, ఒకరికొకరు దూరంగా ఉండే బృందాల చేత ఒకే పని చేయించడానికీ తెలుగునాట చెప్పదగిన ఉదాహరణలలో ఇది ఒకటి.

నేపథ్యం

భారతదేశంలో వ్యవసాయ పరిశోధన విశ్వవిద్యాలయాలలోనూ, పరిశోధనా కేంద్రాలలోనూ విస్తృతంగా జరుగుతున్నది. అయితే ఆ ఫలితాలు రైతు పొలం గట్టుదాకా చేరడం వేరే సమస్య. జాతీయ నమూనా సర్వే సంస్థ 2003లో జరిపిన 59వ విడత సర్వే ప్రకారం, దేశంలోని రైతు కుటుంబాలలో 40 శాతం మాత్రమే ఆధునిక సేద్యపు విషయాలను ఏదో ఒక మార్గం ద్వారా తెలుసుకుంటున్నాయి. తోటి అభ్యుదయ రైతుల ద్వారా 16.7 శాతం, ఎరువులు, పురుగుమందుల వంటివి అమ్మే వ్యాపారుల ద్వారా 13.1 శాతం, రేడియో ద్వారా 13 శాతం కుటుంబాలు సమాచారం పొందుతుండగా, ప్రభుత్వ విస్తరణ కార్యకర్తల ద్వారా పొందుతున్నవి 5.7 శాతం మాత్రమే.

ఈ అంకెలలో వ్యాపారి స్థానం గమనింపదగినది. పురుగుమందుల దుకాణదారు చాలా గ్రామాలలో రైతుకు అరువు ఇచ్చేవాడు కూడా. తెగులుకు మందు చెప్పేవాడు, ఆ మందు అమ్మేవాడు, దానికి అప్పు పెట్టేవాడు ఒక్కరే అయినప్పుడు, "ఈ వారం మందు కొట్టనవసరం లేదు" అనే సలహా రైతుకు దొరకడం కష్టం.

దీని పర్యవసానం పత్తి రైతుల విషయంలో తీవ్రంగా కనిపించింది. పత్తి పైరుకు చీడపీడల బెడద ఎక్కువ. విత్తనం మొదలు పత్తి ఏరే వరకు పెట్టుబడి పెడుతూనే ఉండాలి. 1997-98లో పురుగు ఉధృతి వలన పంట దెబ్బతిని వరంగల్లు జిల్లాలో అనేకమంది పత్తి రైతులు ఆత్మహత్య చేసుకున్న సంఘటనలు దేశమంతటినీ కలచివేశాయి. మందు మీద మందు చల్లినా పురుగు చావకపోవడం, చేసిన అప్పు తీరే దారి లేకపోవడం నాటి విషాదానికి కారణాలలో ముఖ్యమైనవి. ఈ-సాగు తొలి ప్రయోగానికి అదే జిల్లా, అదే పంట వేదికలు అయ్యాయి.

పనితీరు

ఈ-సాగు వ్యవస్థలో నాలుగు అంగాలు ఉన్నాయి: రైతులు, గ్రామ సమన్వయకర్తలు, వ్యవసాయ నిపుణులు, వీరందరినీ కలిపే సమాచార వ్యవస్థ. గ్రామాల సమీపంలో ఒక స్థానిక కేంద్రం, హైదరాబాదులో ప్రధాన కేంద్రం ఉండేవి. పని జరిగే క్రమం ఇది:

1. పంటకాలం మొదట్లో రైతు పేరు, పొలం విస్తీర్ణం, నేల స్వభావం, నీటి వసతి, వేసిన విత్తనం వంటి వివరాలను నమోదు చేస్తారు.
2. సమన్వయకర్త నిర్ణీత వ్యవధిలో పొలానికి వెళ్ళి, పైరును డిజిటల్ కెమెరాతో ఛాయాచిత్రాలు తీస్తాడు. తాను గమనించినవీ, రైతు చెప్పినవీ కాగితంపై వ్రాసుకుంటాడు.
3. స్థానిక కేంద్రంలో ఛాయాచిత్రాలను, వివరాలను కంప్యూటరులోకి ఎక్కించి సీడీపై వ్రాస్తారు. ఆ సీడీ కొరియరు ద్వారా హైదరాబాదు చేరుతుంది.
4. వ్యవసాయ నిపుణుడు ఆ ఛాయాచిత్రాలను, ఆ పొలం పూర్వ వివరాలను, గతంలో ఇచ్చిన సలహాలను ఒకచోట చూసి కొత్త సలహా వ్రాస్తాడు.
5. ఆ సలహాను స్థానిక కేంద్రం అంతర్జాలం ద్వారా దించుకొని ముద్రిస్తుంది.
6. సమన్వయకర్త ఆ కాగితాన్ని రైతుకు ఇచ్చి, చదివి వివరిస్తాడు. ముందటి సలహాను రైతు పాటించాడా, పాటిస్తే ఫలితం ఏమిటి అన్నది తెలుసుకొని మళ్ళీ నమోదు చేస్తాడు.

సీడీని కొరియరులో పంపడం నేటి పాఠకులకు వింతగా తోచవచ్చు. 2004 నాటికి గ్రామాలలో ఉన్నది టెలిఫోను తీగ మీద నడిచే డయలప్ అంతర్జాలం. దాని మీద వందలాది ఛాయాచిత్రాలను పంపడం అయ్యే పని కాదు. సలహా మాత్రం నాలుగు వాక్యాల పాఠ్యం కాబట్టి అదే తీగపై సులభంగా వస్తుంది. అందువలన బరువైన సమాచారం బస్సు మార్గాన వెళ్ళేటట్లు, తేలికైన సమాచారం తీగ మార్గాన వచ్చేటట్లు అమర్చారు. మెరుగైన అంతర్జాలం వచ్చేదాకా ఆగకుండా, ఉన్న వసతులను బట్టి వ్యవస్థను మలచుకున్నారు.

రైతు కేంద్రంగా రూపకల్పన

కంప్యూటరు వ్యవస్థలను వాటిని వాడేవారి అవసరాలు, అలవాట్లు, పరిమితుల నుండి మొదలుపెట్టి రూపొందించాలనే ఆలోచనను వినియోగదారు కేంద్రిత రూపకల్పన అంటారు. డొనాల్డ్ నార్మన్, స్టీఫెన్ డ్రేపర్ల సంపాదకత్వంలో 1986లో వెలువడిన గ్రంథంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1999లో ఐఎస్ఓ 13407 పేరుతో దీనికి ప్రమాణాన్ని ప్రకటించింది. 2010లో దాని స్థానంలో ఐఎస్ఓ 9241-210 వచ్చింది. వాడేవారు ఎవరు, వారు ఏ పరిస్థితులలో వాడతారు అన్నది మొదట తెలుసుకోవడం, నమూనా తయారుచేసి వారి చేత వాడించి చూడడం, లోపాలు దిద్ది మళ్ళీ పరీక్షించడం ఈ పద్ధతిలోని ప్రధానాంశాలు.

సాధారణంగా వ్యవసాయ జాలస్థలాలు ఒక గ్రంథాలయం వలె ఉంటాయి. పంటల వారీగా, తెగుళ్ళ వారీగా సమాచారం అందులో ఉంటుంది. దానిని వాడుకోవాలంటే రైతుకు కంప్యూటరు అందుబాటులో ఉండాలి, చదవడం రావాలి, తెగులు పేరు ముందే తెలిసి ఉండాలి. ఈ మూడవది అన్నిటికంటె కష్టం. పేరు తెలిసిన రోగానికి మందు వెదకడం సులువు. పైరుకు వచ్చింది ఏమిటో తెలియకపోవడమే రైతు అసలు సమస్య. ఇంకా చెప్పాలంటే, పైరుకు ఏదో వచ్చిందన్న సంగతి కూడా ఆలస్యంగా తెలియవచ్చు. అటువంటప్పుడు ప్రశ్న అడిగితేనే జవాబు చెప్పే వ్యవస్థ ఉపయోగపడదు.

అందుచేత ఈ-సాగులో రైతు కంప్యూటరును తాకనవసరం లేదు, ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు, ప్రశ్న అడగనవసరం కూడా లేదు. వ్యవస్థే క్రమం తప్పకుండా పొలానికి వస్తుంది. సలహా అతని పొలానికి, ఆ వారానికి సంబంధించినదై ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు పొలాలలో ఒకటి నల్లరేగడి, మరొకటి చల్కా నేల కావచ్చు. ఒకరికి బావి ఉండవచ్చు, మరొకరిది వర్షాధారం కావచ్చు. జిల్లా అంతటికీ ఒకే మాట చెప్పే రేడియో ప్రసంగం ఈ తేడాలను పట్టించుకోజాలదు.

కంప్యూటరును నేరుగా వాడేవారు నిపుణులు, స్థానిక కేంద్రం సిబ్బంది. కాబట్టి ఒక పొలానికి సంబంధించిన ఛాయాచిత్రాలు, నేల వివరాలు, గత సలహాలు నిపుణునికి ఒకేచోట కనిపించేటట్లు సమాచార నిధిని ఏర్పాటు చేశారు. ఈ నిధి నిర్మాణాన్ని వివరించే పరిశోధనా పత్రం 2007లో బీజింగులో జరిగిన సిగ్‌మాడ్ అంతర్జాతీయ సదస్సులో ప్రచురితమైనది.

దూరస్థ బృందాల సమన్వయం

సలహా వ్రాసే నిపుణుడు హైదరాబాదులో ఉంటాడు. పైరు వరంగల్లు జిల్లాలో ఉంటుంది. ఈ దూరాన్ని పూరించేవాడు గ్రామ సమన్వయకర్త. ఈ పనికి ఆ గ్రామాలకే చెందిన, చదువుకున్న, సేద్యపు అనుభవం గల రైతులను ఎంచుకున్నారు. ఈ ఎంపికలో రెండు ప్రయోజనాలు ఉన్నాయి. పైరులో ఏది మామూలుగా లేదో గుర్తించే చూపు అతనికి ముందే ఉంటుంది. తోటి రైతు అతని మాటను కొత్తవాడి మాటకంటె ఎక్కువగా నమ్ముతాడు.

దూరంగా పనిచేసే బృందానికి మాటల కంటె వ్రాత ముఖ్యం. ఒకే గదిలో పనిచేసేవారు సందేహం వస్తే పక్కవారిని అడుగుతారు. ఈ-సాగులో సందేహం వెళ్ళి జవాబు తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పత్తిలో పురుగు అంతకాలం ఆగదు. అందువలన ఏయే వివరాలు వ్రాయాలి, ఏయే భాగాలను ఛాయాచిత్రం తీయాలి అన్నది ముందే స్థిరపరచిన పత్రాల రూపంలో ఉండడం అవసరమైంది. నిపుణుడు మారినా, సమన్వయకర్త మారినా పొలం చరిత్ర పోకుండా ఉండడానికి కూడా ఈ నమోదే ఆధారం.

రైతు స్పందన నమోదు కావడం మరొక ముఖ్య విషయం. పొలం చూడని నిపుణునికి తన సలహా ఫలించిందో లేదో తెలిసే మార్గం ఇదొక్కటే. రైతు సలహాను పాటించకపోతే దానికి కారణం అజ్ఞానమే కానవసరం లేదు. చేతిలో డబ్బు లేకపోవచ్చు, కూలీలు దొరకకపోవచ్చు, చెప్పిన మందు ఆ ఊళ్ళో లేకపోవచ్చు. ఆ కారణం తెలిస్తే నిపుణుడు తరువాతి సలహాను రైతు చేయగలిగిన రీతిలో వ్రాయగలుగుతాడు.

ఛాయాచిత్రం చూపేది, చూపలేనిది

చిత్రాన్ని చూసి తెగులును నిర్ధారించవచ్చా అన్నది ఈ ప్రయోగం ఎదుర్కొన్న మొదటి ప్రశ్న. పత్తి ఆకు ఎర్రబడడాన్ని దీనికి ఉదాహరణగా తీసుకోవచ్చు. మెగ్నీషియం లోపించినప్పుడు ఆకు ఈనెలు ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్య భాగం ఎర్రబడుతుంది. పచ్చదోమ రసం పీల్చినప్పుడు ఆకు అంచులు మొదట పసుపుపచ్చగా మారి, ముడుచుకొని, తరువాత ఎర్రబడి ఎండిపోతాయి. దూరం నుండి తీసిన చిత్రంలో రెండు పొలాలూ ఒకే విధంగా ఎర్రగా కనిపిస్తాయి. మొదటిదానికి పోషకం కావాలి, రెండవదానికి పురుగు నివారణ కావాలి. పొరబడితే మందు ఖర్చు వృథా అవుతుంది, సమస్య అలాగే ఉంటుంది.

పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక వంటి రసం పీల్చే పురుగులు సాధారణంగా ఆకు అడుగుభాగంలో ఉంటాయి. కాబట్టి ఆకును తిప్పి దగ్గరనుండి తీసిన చిత్రం కావాలి. గులాబీరంగు పురుగు కాయ లోపల ఉంటుంది. కాయను కోసి చూస్తేనే తెలుస్తుంది. వేరుకుళ్ళు విషయంలో మొక్కను పెకలించి చూడాలి. పొలం మొత్తంలో ఎన్ని మొక్కలకు పురుగు ఉన్నదో ఒక్క మొక్క చిత్రం చెప్పలేదు. ఈ లోటును సమన్వయకర్త వ్రాసే గమనికలు తీర్చాలి. చిత్రాన్ని, వ్రాతపూర్వక వివరాలను కలిపి పంపే ఏర్పాటుకు కారణం ఇదే.

ఫలితాలు

2004 ఖరీఫులో 1,051 పత్తి పొలాలతో ప్రయోగం మొదలైంది. తరువాత ఇతర పంటలకు, ఇతర గ్రామాలకు విస్తరించింది. 2004-06 మధ్య ఆరు పంటలకు సంబంధించి సుమారు 6,000 పొలాలకు సలహాలు అందాయి. ఛాయాచిత్రాలు, ఇతర వివరాల ఆధారంగా నిపుణులు సలహా ఇవ్వడం సాధ్యమేనని ఈ ప్రయోగం నిరూపించింది.

సమగ్ర సస్యరక్షణ పద్ధతులను ప్రోత్సహించడం, ఎరువులు, పురుగుమందులను విచక్షణతో వాడించడం ద్వారా రైతుల పెట్టుబడి సద్వినియోగమైనదని పరిశోధకులు తెలిపారు. లింగాకర్షక బుట్టలు, పసుపు రంగు జిగురు అట్టలు, వేపగింజల కషాయం, బంతి, ఆముదం వంటి ఎర పంటలు సమగ్ర సస్యరక్షణలో భాగం. పురుగు సంఖ్య ఆర్థిక నష్ట స్థాయిని దాటినప్పుడే రసాయన మందు వాడాలన్నది దీని మూలసూత్రం. మందు అమ్మకంతో సంబంధం లేని వ్యక్తి ఈ సలహా ఇవ్వడం రైతుకు కలిగిన మేలు.

పరిమితులు

ప్రతి పొలానికీ ఒక మనిషి క్రమం తప్పకుండా వెళ్ళవలసి రావడం ఈ పద్ధతి బలమూ, బలహీనతా కూడా. పొలాల సంఖ్య పెరిగేకొద్దీ సమన్వయకర్తల సంఖ్య, నిపుణుల సంఖ్య పెరగాలి. కంప్యూటరు కార్యక్రమాన్ని ఎన్ని ఊళ్ళకైనా అదనపు శ్రమ లేకుండా విస్తరించవచ్చు. పొలం గట్టున నడిచే మనిషిని ఆ విధంగా విస్తరించలేము. ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నది ఈ తరహా సేవలన్నిటికీ ఎదురయ్యే ప్రశ్న. సన్నకారు రైతు చెల్లించగల రుసుముతో నిపుణుల జీతాలు, ప్రయాణ ఖర్చులు వెళ్ళడం కష్టం.

రెండవ పరిమితి కాలానికి సంబంధించినది. ఉధృతంగా వ్యాపించే తెగులు విషయంలో రెండు రోజుల ఆలస్యం కూడా నష్టం కలిగించవచ్చు. మూడవది, సలహా ఎంత మంచిదైనా అప్పు, గిట్టుబాటు ధర, వర్షాభావం వంటి సమస్యలను అది తీర్చలేదు. రైతు కష్టాలలో సమాచార లోపం ఒక భాగం మాత్రమే.

తరువాతి పరిణామాలు

ఖర్చును తగ్గించేందుకు పరిశోధకులు గ్రామస్థాయి ఈ-సాగు అనే రూపాన్ని ప్రతిపాదించారు. ప్రతి పొలాన్నీ చూడడానికి బదులు, గ్రామంలోని ప్రధాన పంటలకు ప్రతినిధులుగా ఉండే కొన్ని పొలాలను పరిశీలించి, ఆ ఊరి రైతులందరికీ వర్తించే సలహా ఇవ్వడం ఇందులోని పద్ధతి. పొలం వారీ సలహాకు ఉన్న సూక్ష్మత ఇందులో కొంత తగ్గినా, ఎక్కువమందికి చేరే వీలు కలుగుతుంది.

చేతిఫోను వ్యాప్తి పెరిగిన తరువాత భారత, జపాను దేశాల ఉమ్మడి పరిశోధనలో భాగంగా క్రాప్ దర్పణ్ అనే ఫోను కార్యక్రమం రూపొందింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం, టోక్యో విశ్వవిద్యాలయం ఇందులో పాలుపంచుకున్నాయి. పత్తి పైరుపై కనిపించే లక్షణాలను గురించి ఇది తెలుగులో ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ, జవాబులను బట్టి సమస్యను గుర్తించి సలహా చూపుతుంది. ఈ-సాగులో పైరును చూసేవాడు సమన్వయకర్త, నిర్ణయించేవాడు నిపుణుడు. క్రాప్ దర్పణ్‌లో చూసే పని రైతుదే. మనిషి ఖర్చు తగ్గింది. అయితే ఫోను తెరిచి జవాబులు చెప్పే భారం మళ్ళీ రైతుపై పడింది.

ఇటువంటి ఇతర ప్రయత్నాలు

గచ్చిబౌలికి పడమరగా, తెల్లాపూర్ దాటి సంగారెడ్డి జిల్లాలో మరికొంత దూరం వెళ్తే పటాన్‌చెరు వస్తుంది. 1972లో స్థాపించబడిన మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) ప్రధాన కేంద్రం అక్కడ ఉన్నది. ఒకనాడు సేద్యపు భూములుగా ఉన్న ఈ ప్రాంతం నేడు ఎత్తైన గృహసముదాయాలతో, కర్మాగారాలతో నిండినా, దూరాన ఉన్న రైతుకు సలహా అందించే పరిశోధనలు ఇక్కడినుండి పలు రూపాలలో సాగాయి.

* వాసట్: ఇక్రిశాట్ నెలకొల్పిన ఈ కార్యక్రమం మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకులలో మహిళా సంఘాల సమాఖ్యతో కలిసి గ్రామ సమాచార కేంద్రాలను నడిపింది. ఏ గ్రామానికి కరవు ముప్పు ఎంత ఉన్నదో రంగులతో చూపే పటాలను గ్రామస్థులకు అర్థమయ్యేటట్లు తయారుచేయడం ఇందులోని విశేషం.
* విత్తే సమయపు సలహా: 2016 ఖరీఫులో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో సంక్షిప్త సందేశాల ద్వారా తెలిపాయి. సలహా పాటించినవారి దిగుబడి సగటున 30 శాతం అధికంగా ఉన్నట్లు నిర్వాహకులు ప్రకటించారు. సాధారణ చేతిఫోను తప్ప రైతు వేరే పరికరం కొననవసరం లేకపోయింది.
* కిసాన్ కాల్ సెంటర్లు: కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 21న ప్రారంభించింది. రైతు ఉచితంగా ఫోను చేసి తన భాషలో సలహా పొందవచ్చు. ఇక్కడ పైరు కనిపించదు; రైతు వర్ణనే ఆధారం.
* రైతు భరోసా కేంద్రాలు: ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న ప్రారంభమయ్యాయి. గ్రామస్థాయిలోనే వ్యవసాయ సహాయకుని సేవలు అందించాయి. 2024లో వీటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది.

ప్రాముఖ్యత

ఈ-సాగులో వాడిన కెమెరాలు, సీడీలు, డయలప్ తీగలు కాలం చెల్లిపోయాయి. నేడు పొలంలో నిలబడి క్షణాలలో చిత్రాన్ని పంపవచ్చు. చిత్రాన్ని చూసి కంప్యూటరే తెగులును గుర్తించే పద్ధతులూ వచ్చాయి. అయినా ఆకును తిప్పి చూడాలని తెలిసిన కన్ను, సలహాను రైతుకు విడమరచి చెప్పే నోరు, పాటించకపోవడానికి కారణం అడిగి వ్రాసుకునే చెయ్యి ఇప్పటికీ అవసరమే. దూరంగా ఉన్నవారికి సేవ చేసే ఏ వ్యవస్థలోనైనా, వాడేవారి మీద ఎంత భారం మోపుతున్నాము, ఆ భారాన్ని వారి బదులు ఎవరు మోస్తారు అన్న రెండు ప్రశ్నలకు ముందే సమాధానం ఉండాలని ఈ ప్రయోగం తెలియజేస్తున్నది.

ఇవి కూడా చూడండి

* ఇక్రిశాట్
* పత్తి
* సమగ్ర సస్యరక్షణ
* కిసాన్ కాల్ సెంటర్
* ఊరుగొండ
* తెల్లాపూర్